తోడల్లుడి సెల్లార్ నేల

తోడల్లుడు తన సెల్లార్ నేలకు ఎపాక్సీ పూత వేయించిన రోజు నుంచి దర్జీకి కంటిమీద కునుకు లేదు. ఆ మెరుపు ఎంతంటే, పిల్లి ఒకటి మెట్లు దిగి, నేలలో ఇంకో పిల్లిని చూసి, పూటంతా దాంతో పోట్లాడి, చివరికి ఓడిపోయి వెళ్లిందట. అదీ భరించేవాడే. కానీ ఆ నేల చూసొచ్చిన భార్య, "మా మరిదిగారు ఏం పట్టుకున్నా అద్దంలా చేసి పెడతారండీ" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో తన పనితనాన్ని ఆవిడ ఒక్కసారీ మెచ్చుకున్న పాపాన పోలేదు.

దర్జీ కుట్టుమిషన్లు కూడా తన ఇంటి సెల్లార్‌లోనే ఉంటాయి. పాత ఇల్లు, పెచ్చులూడిన సిమెంటు నేల. "వాడి నేల అద్దమైతే, నాది సూర్యుడవ్వాలి" అంటూ రంగుల దుకాణానికి పరుగెత్తాడు.

"ముందు ప్లాస్టిక్ ముక్క ఒకటి నేలకి నాలుగు పక్కలా టేపుతో అంటించండి. రేపు తీసి చూడండి" అన్నాడు దుకాణదారు.

మర్నాడు తీసి చూస్తే ప్లాస్టిక్ అడుగున నీటి చుక్కలు.

"మీ నేలకి చెమ్మ ఉంది బాబాయ్. పూత వేస్తే బొబ్బలెక్కి లేచిపోతుంది. గరుకు టైల్స్ వేయించుకోండి, మీ మనవల దాకా నిలుస్తాయి."

దర్జీ ముఖం మాడిపోయింది. తనకు అద్దం రాసిపెట్టి లేనప్పుడు, అవతలివాడి అద్దానికైనా వంక పెట్టాలి కదా! ఆ సాయంత్రమే భార్యతో తోడల్లుడి ఇంటికి వెళ్లాడు. సెల్లార్‌లో మంచినీళ్లు తాగుతూ, చెయ్యి జారినట్టు గ్లాసెడు నీళ్లూ ఒలికించాడు. తోడల్లుడు జారితే చూడాలని ఆత్రంగా ఒక అడుగు ముందుకు వేసి, తనే దబ్బున కూలబడ్డాడు.

"అయ్యో, మెల్లగా అన్నయ్యా! నేనే గోడ పట్టుకుని నడుస్తున్నా ఇక్కడ" అంటూ తోడల్లుడు లేవదీశాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నడుము నొప్పి కన్నా ఆ నవ్వే ఎక్కువ కాల్చింది.

చివరికి బూడిదరంగు గరుకు టైల్స్ వేయించాడు. చూడటానికి వచ్చిన తోడల్లుడు చేతులూపుకుంటూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచి, "నేనూ ఇవే వేయించుకోవాల్సింది" అని నిట్టూర్చాడు. దర్జీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇక మిగిలింది భార్య మాటే.

ఆవిడ రెండు చేతులా బట్టల మూటలతో చకచకా దిగొచ్చి, టైల్స్ మీద చతికిలబడి, వాటిని ప్రేమగా నిమిరింది. "బంగారం లాంటి టైల్స్ అండీ! ఎంత తొక్కినా కిక్కురుమనవు. కొంతమందిలా కుళ్లుకోవు."

ఆవిడ పైకి వెళ్లేదాకా ఆగి, దర్జీ బరువైన ఇస్త్రీపెట్టెను కావాలనే వాటి మీద జారవిడిచాడు. గీత కూడా పడలేదు. ఇస్త్రీపెట్టె పిడి మాత్రం విరిగింది.

పైనుంచి భార్య కంగారుగా అరిచింది: "ఏవండీ! టైల్స్‌కేం కాలేదు కదా?"