ఎంగిలి విల్లు

మా అత్తగారు జయమ్మకీ, మా అమ్మ పార్వతీదేవికీ కలిపి ఒకటే విల్లు. ఆదివారం శామీర్‌పేటలో జరిగే ఆడవాళ్ల జోడీ పోటీలో నియమమే అది, ఇద్దరు మనుషులు, ఒక వెదురు విల్లు. గౌడవెల్లి నుంచి అత్తగారూ, గుండ్లపోచంపల్లి కాలనీ నుంచి అమ్మా పొద్దున్నే మైదానానికి వచ్చి బాణాలు వేస్తుంటే, కోడలిగా నాకు ఇంతకంటే వినోదం ఇంకేం కావాలి!

కానీ బాణాలు గడ్డి బోర్డుదాకా పోతే కదా. అన్నీ సగం దారిలోనే మట్టి కరిచేవి. నేర్పే సుధీర్ ఓపిక గలవాడే. శుక్రవారం నాటికి ఆయన ఓపికా అయిపోయింది.

"వారం సంది చెప్పవట్టిన అమ్మా. విల్లు వట్టిన చెయ్యి సాపుగ ఉంచుండ్రి, మోచెయ్యి బిగవట్టకుండ్రి, భుజం లేపకుండ్రి. నారిని మూతి అంచుదాక గుంజాలె. ఇయ్యాల ఒక్క బాణమన్న బోర్డుకు తాకకుంటె మీ జోడీ పేరు కొట్టేస్త."

అత్తగారి మొహం మాడిపోయింది. మా మామగారి పేరు మేడ్చల్ రోడ్డు పొడుగునా ఫ్లెక్సీల మీద ఉంటుంది. ఈమె పేరు పెళ్లిపత్రికలో తప్ప ఎక్కడా పడలేదు. ఈ ఒక్కచోటైనా తన పేరుతో తాను నిలబడాలని ఆమె పట్టుదల.

నాకు ఒళ్లు మండింది. బలం లేకనా? పాడి గేదెలతో కుస్తీ పట్టిన చేతులవి. దగ్గరికెళ్లి చూశాను. విల్లు పట్టిన చెయ్యి బాగానే ఉంది, మోచెయ్యీ బాగానే ఉంది. నారి లాగే చెయ్యి మాత్రం ప్రతిసారీ పెదవికి బెత్తెడు దూరంలో ఆగిపోతోంది.

"ఇంకొంచెం లాగరేం అత్తయ్యా?"

"వేలు మూతికి తగిలితే ఎంగిలైతది గదా బిడ్డా," అంది గుసగుసగా. "గా వేలే నారి మీద వెడ్త. మల్ల గదే నారి మీ అమ్మ వట్టాలె. మడి మనిషాయె, ఆమెకు నా ఎంగిలి ఎట్ల అంటిస్త?"

గుసగుస అన్నాను గానీ, మా అత్తగారి గుసగుస అవతలి గట్టుదాకా వినిపిస్తుంది. అమ్మ నోరు తెరిచేసింది.

"అయ్యో వదినగారూ! నేనూ అందుకేనండీ ఆపేస్తున్నది. నా ఎంగిలి మీకెక్కడ తగులుతుందోనని!"

సుధీర్ నెత్తి పట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు. నేను పడీ పడీ నవ్వాను. అమ్మ నవ్వలేదు. విల్లు అందుకుని, బాణం పెట్టకుండానే నారిని పెదవి మూలకి ఆనేదాకా లాగి, మెల్లగా వెనక్కి వదిలి, అత్తగారి చేతిలో పెట్టింది.

"ఎంగిలి చేసేశాను. ఇంక మీకు బెంగ అక్కర్లేదు, కానివ్వండి."

వియ్యమందిన ఇన్నేళ్లలో ఒకరి గ్లాసు ఒకరు ముట్టని మనుషులు వీళ్లు. అత్తగారు ఓ క్షణం అమ్మ మొహంలోకే చూసింది. తరవాత బాణం ఎక్కించి లాగింది. నారి బుగ్గని ఒత్తింది, వేలు పెదవి మూలకి ఆనింది, బాణం పోయి బోర్డులో దిగబడింది. అంచున దిగితేనేం, దిగింది!

"తాకింది వదినా, తాకింది!" అని అత్తగారు చిన్నపిల్లలా గెంతింది. సంతోషంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తరవాతి వంతు అమ్మది. విల్లు ఇవ్వబోతూ అత్తగారు కొంగుతో నారి తుడవబోయింది.

అమ్మ చటుక్కున విల్లు లాక్కుంది.

"తుడవకండి వదినగారూ," అని బాణం ఎక్కించింది.