పర్వాలేదు కుప్ప

"సముద్రం మొహం చూడనిదానివి, సముద్రంలో తేలే పలకకి నువ్వు సర్టిఫికెట్ ఇచ్చేదేంది హేమా?" అన్నాడు గిరిధర్, దోసె తుంచుకుంటూ. మాటలో కోపం లేదు, ఎగతాళి కూడా పెద్దగా లేదు. చట్నీలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అన్నాడు. హేమలత పెనం మీద దోసె తిప్పింది. గట్టు మీద మూడు డబ్బాలు మూతలు తీసి ఉన్నాయి. ఒకటి భర్తది, ఒకటి రెండో తరగతి చదివే కూతురు వర్షిణిది, ఒకటి అత్త బాలాత్రిపురసుందరికి మధ్యాహ్నానికని ఉప్పు తగ్గించి వేరేగా వండింది. నాలుగో డబ్బా ఆ ఇంట్లో లేదు. మిగిలింది ఏదో ఒక గిన్నెలో పెట్టుకుని, దానికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, మారతహళ్ళి నుంచి సర్జాపుర అవతలున్న గోడౌనుకి స్కూటీ మీద పోవడం ఆవిడ అలవాటు.

గట్టు చివర ఫోను మళ్ళీ మోగింది. మేనేజర్ కౌశల్ మెసేజి. 'ఈరోజు నాలుగింటికి లారీ. సైన్ ఆఫ్ ప్లీజ్.' వెనకాల రెండు చేతులు జోడించిన బొమ్మ. నిన్న రాత్రి నుంచి అది మూడోసారి. దండం పెట్టి మరీ అడిగేవాడికి కాదని చెప్పడం కష్టమని ఎవరైనా ఒప్పుకుంటారు. దండం పెడుతూ మెడ మీద చెయ్యి వేసేవాడి సంగతి ఆడవాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

సంగతి ఇది. ఆ కంపెనీ ఆటవస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. ఈసారి సొంత పేరు వేయించుకుని ఆరొందల సర్ఫింగ్ బోర్డులు చవగ్గా తెప్పించింది. లోపల నురగ, పైన మెత్తటి రంగు తొడుగు, అడుగున నున్నటి ప్లాస్టిక్, మూడు రెక్కలు, తోక దగ్గర బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నె. ఆ గిన్నెకి ఒక తాడు కడతారు, తాడు రెండో కొస నేర్చుకునేవాళ్ళ చీలమండకి చుట్టుకుంటారు. అల తోసేసి నీళ్ళలో పడ్డా పట్టుకోవడానికి బోర్డు పక్కనే ఉండాలని. గిన్నె ఊడితే బోర్డు ఒడ్డుకి పోతుంది, మనిషి లోపలే ఉండిపోతాడు. మొదటి నలభై బోర్డులు మంగళూరు దగ్గర పిల్లల వేసవి శిబిరానికి ఈ సాయంత్రం బయల్దేరాలి. హేమలత సంతకం లేకుండా ఒక్కటి కూడా గోడౌను గడప దాటకూడదు. ట్యాంకరు నీళ్ళు కొనుక్కుని బతికే ఊళ్ళో కూర్చుని అలల మీద తేలే పలకల మంచిచెడ్డలు చెప్పడం ఆవిడకీ విచిత్రంగానే ఉంటుంది. కానీ నురగ సంగతి, జిగురు సంగతి ఆవిడకి తెలుసు. పెళ్ళికి ముందు, పెళ్ళయ్యాక రెండేళ్ళు, బొమ్మసంద్ర చెప్పుల ఫ్యాక్టరీలో ఆవిడ చేసింది అదే పని. అట్టకి తొడుగు అంటుకుందో లేదో బొటనవేలు నొక్కి, నొక్కు ఎంతసేపటికి లేస్తుందో చూసి చెప్పేది. తర్వాత ఏడేళ్ళు ఇల్లు. ఆరు నెలల కింద ఈ ఉద్యోగం. అది కూడా గిరిధర్‌తో కలిసి బెళ్ళందూరులో షటిల్ ఆడే కౌశల్ ద్వారా వచ్చింది కాబట్టి, ఇంట్లో దాని పేరు 'హేమ ఉద్యోగం' కాదు, 'గిరి ఇప్పించిన ఉద్యోగం.'

గోడౌనులో నాగప్ప, మారెమ్మ అప్పటికే బోర్డులు విప్పి పెట్టారు. నాగప్ప మదనపల్లె నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడే మూటలు మోస్తున్న మనిషి. మారెమ్మ ప్యాకింగు చూస్తుంది. ఆరొందల్లోంచి ముప్పై రెండు తీసి, నంబర్లంటించి, ఒక్కొక్కటే చూడాలి. కాగితంలో మూడు గళ్ళున్నాయి. వాటికి ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేర్లున్నా, ఈ ముగ్గురికీ అవి 'బాగుంది', 'పర్వాలేదు', 'వద్దు'. కన్నడంలో చెప్పినా తెలుగులో చెప్పినా నడిమి మాట ఇంచుమించు ఒకటే కాబట్టి ఎవరికీ తికమక లేదు. హేమలత నోటితో చెప్తుంది, నాగప్ప ఎత్తుకుపోయి ఆ కుప్పలో పెడతాడు.

హేమలత తోక వైపు నుంచి ఒక కన్ను మూసి బోర్డు మెలి తిరిగిందేమో చూస్తుంది. వేలి కణుపుతో కొడుతుంది. గట్టిగా పలికితే తొడుగు అంటుకుని ఉన్నట్టు, బోలుగా పలికితే లోపల గాలి చేరినట్టు. రెండు చివర్లా ఇటుకలు పెట్టి నడిమిని నొక్కితే, లోపలున్న చెక్క పట్టీ విరిగిందో లేదో తెలుస్తుంది. చివర్న తాడు కట్టి, దానికి ఇసుక సంచి వేలాడదీస్తారు. స్టిక్కరు వంకరగా ఉంది, పర్వాలేదు. రంగు ఒక చోట పలచబడింది, పర్వాలేదు. అంచు దగ్గర చిన్న సొట్ట, పర్వాలేదు. చవక వస్తువంటే ఆవిడకి చులకన లేదు. చవగ్గా దొరక్కపోతే ఏ జాలరి పిల్లో, ఏ ఆటో డ్రైవరు కొడుకో అల మీద ఎప్పటికి నిలబడాలి? పిండి కొద్దీ రొట్టె అని కౌశల్ పదే పదే అంటాడు. ఆవిడా ఒప్పుకుంటుంది. పిండి తక్కువైతే రొట్టె చిన్నదవుతుంది, అంతే. రొట్టెలో రాయి ఎందుకు రావాలి?

తొమ్మిదో బోర్డుకి ఇసుక సంచి కట్టగానే గిన్నె కొంచెం కదిలింది. ఊడలేదు, కదిలింది. హేమలత గుండె కూడా దాంతోపాటే కదిలింది. గిన్నె ఒక్కటి ఊడినా సరుకంతా ఆపాలని కాగితంలో రాసి ఉంది. కదిలితే ఏం చెయ్యాలో రాసి లేదు. ఇంకాసేపు వేలాడనిస్తే తెలిసేది. కానీ ఫోను మోగుతోంది, కౌశల్ పేరు వెలుగుతోంది, ప్రొబేషన్ ముగియడానికి ఇంకా నెల ఉంది. సంచి విప్పించేసింది. "పర్వాలేదు," అంది నాగప్పతో, అతని మొహం చూడకుండా.

మధ్యాహ్నం రెండు దాటాక ముప్పై రెండూ అయిపోయాయి. కాగితం నింపుతూ కుప్పలు సరిచూసుకుంటే, నడిమి కుప్పలో ఉండాల్సినదానికంటే ఒకటి ఎక్కువుంది. పద్నాలుగో నంబరు. దాని ఎదురుగా కాగితంలో తాడు పరీక్షకున్న గడి ఖాళీ.

"నాగప్పా, ఇది ఇక్కడికెట్లా వచ్చింది?"

"నువ్వే కదక్కా పర్వాలేదంటివి."

"నేనెప్పుడన్నా?"

"అప్పుడు ఫోను మాట్లాడి వచ్చి దాని మీద చెయ్యేసుకుని నిలబడింటివి. మొహం వాడిపోయిండాది, బాగుండావా అక్కా అని అడిగితి. పర్వాలేదు నాగప్పా అంటివి. తీసకపోయి పెడితి."

మారెమ్మ పకపకా నవ్వింది. "బోర్డు గురించి కాదప్పా, ఆయమ్మ గురించి అడిగితివి నువ్వు. ఆయమ్మని మోసకపోయి ఆ కుప్పలో పెట్టల్ల."

హేమలతకి నవ్వు రాలేదు. నవ్వబోయింది కూడా, కానీ నోరు వంకర తిరిగింది తప్ప నవ్వు కాలేదు. ఇటుకల మీద కూలబడింది. ఆ మాట ఎన్నిసార్లు అంది ఈ ఏడేళ్ళలో? 'పాప కొంచెం పెద్దయ్యేదాకా ఉద్యోగం ఆపుదాం, పర్వాలేదు కదా?' అని గిరిధర్ అడిగితే పర్వాలేదంది. కొంచెం అంటే ఎంతో అడగలేదు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న రోజు అతని ఆఫీసువాళ్ళు ఎనిమిది మంది భోజనానికొస్తే, 'మాత్ర వేసుకుంటే తగ్గుతుందిలే' అని అతనంటే పర్వాలేదంది. ఆడపడుచు పిల్లల ముందు అత్త, 'మా కోడలికి పాలు పొంగేదే తెలీదు, కంపెనీలో ఏం చూస్తాదో ఏమో' అంటే, పక్కింటావిడ జాలిగా చూస్తే, ఆ పక్కింటావిడకి పర్వాలేదులే అని సర్ది చెప్పింది. అమ్మ ఫోను చేసి ఎట్లుండావే అంటే అదే మాట. డాక్టరమ్మ నడుమునొప్పి ఎలా ఉందంటే అదే మాట. అడిగినవాళ్ళందరూ ఆ మాట పట్టుకుని హాయిగా వెళ్ళిపోయారు, నాగప్పలాగే. నాగప్పని అనడానికేముంది? అతను చెప్పింది విన్నాడు. చెప్పింది ఆవిడే. తనని ఎవరూ గట్టిగా లాగి చూడలేదని ఇన్నాళ్ళూ కుమిలింది గానీ, లాగబోయిన ప్రతివాళ్ళకీ తనే ముందుగా కాగితం రాసిచ్చేసింది. ఆ సంగతి తట్టగానే ఆవిడకి భయమేసింది. ఏడుపు కాదు, అచ్చంగా భయం.

"నాగప్పా, దీనికి సంచి కట్టు," అంది లేచి.

పద్నాలుగో బోర్డు గిన్నె సంచి బరువుకి ఒక్క నిమిషం ఆగలేదు. పాలపన్ను ఊడినట్టు ఊడి వచ్చింది. లోపల జిగురు ఒక చుక్క, అంతే. హేమలత అక్కడితో ఆగలేదు. పొద్దున తాను మొహం తిప్పుకుని పంపేసిన తొమ్మిదోదాన్ని కూడా తెప్పించింది. ఈసారి విప్పమనకుండా చేతులు కట్టుకుని నిలబడింది. ఐదు నిమిషాలకి అదీ ఊడింది. మారెమ్మ నవ్వడం మానేసి, పడిపోయిన గిన్నెని ఏరి ఆవిడ అరచేతిలో పెట్టింది.

మూడు గంటలకి కౌశల్ వచ్చాడు. మంచివాడే, మెత్తగా మాట్లాడతాడు. ఊడిన గిన్నెలని వంగి చూశాడు.

"ముప్పై రెండులో రెండేగా హేమలత గారూ. రిమార్క్స్‌తో అక్సెప్ట్ అని పెట్టేద్దాం. ఈ రేంజ్‌లో కస్టమర్ ఎక్స్‌పెక్టేషన్ కూడా అంతే ఉంటుందండీ."

"తాడు ఊడదని మాత్రం అందరూ అనుకుంటారండీ, ఏ రేటుకి కొన్నా."

"గిరి గారితో నేను నిన్ననే మాట్లాడాను. ఆయన ఓకే అన్నారు."

హేమలతకి ఒక్క క్షణం అర్థం కాలేదు. "దేనికి ఓకే అన్నారు?"

"అంటే... మీరు కొంచెం టెన్షన్ పడుతున్నారు కదా అని. ఆయన చెప్తే మీకు ధైర్యంగా ఉంటుందని."

పొద్దున దోసె తుంచుకుంటూ భర్త అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఆవిడ బొటనవేలి కింద ఉన్న పని గురించి ఇద్దరు మగవాళ్ళు షటిల్ కోర్టు పక్కన నిలబడి మాట్లాడుకుని, ఒప్పుకుని, చేతులు తుడుచుకున్నారు. అంతలో ఫోను మోగింది. గిరిధర్.

"సొల్ప అడ్జస్ట్ చేసుకో హేమా, కొంచెం. ఒక్క సంతకం. కౌశల్ ముందర నా మొహం ఏం కావల్ల?"

"పిల్లలు ఎక్కుతారు దాని మీద. గిన్నె ఊడింది, నా చేతిలో ఉండాది."

"వాళ్ళ పక్కన కోచ్ ఉంటాడు కదా. ప్రపంచమంతా నువ్వే మోస్తావా? రేపు ఈ ఉద్యోగం పోతే మళ్ళీ నన్నడగొద్దు. వర్షిణికి మూడున్నరకి స్కూలు బస్సు, అమ్మకి మోకాళ్ళు, ఇవన్నీ సర్దుకుని నిన్ను పంపిస్తాండాం."

పంపిస్తాండాం. ఐదింటికి లేచి మూడు డబ్బాలు కట్టింది ఎవరో, బస్సు దగ్గరికి పక్కింటావిడని బతిమాలి పంపేది ఎవరో, మోకాళ్ళకి నూనె రాసేది ఎవరో ఆవిడ అడగలేదు. నోటిదాకా వచ్చింది, ఆగింది. ఉద్యోగం పోతే ఇంకో ఏడేళ్ళు ఆ వంటగట్టు ముందు నిలబడటం కళ్ళకి కట్టింది. ఆ భయం తగ్గేదాకా ఆగితే తనే ఆ సంతకం పెట్టేస్తుందని కూడా తెలుసు. "పనిలో ఉండాను," అని ఫోను పెట్టేసింది.

కాగితం ముందుకి లాక్కుంది. తొమ్మిదో నంబరు ఎదురుగా ఉన్న గుర్తు కొట్టేసి, పక్కన 'నా పొరపాటు' అని రాసి, 'వద్దు' గడిలో మళ్ళీ వేసింది. పద్నాలుగు ఎదురుగా కూడా అక్కడే వేసింది. అడుగున, సరుకంతటికీ కలిపి ఉన్న గడిలో, 'వద్దు' దగ్గర గుర్తు పెట్టి సంతకం చేసింది. సంతకం వంకరగా వచ్చింది. ఫొటో తీసి సిస్టంలో పెట్టబోతుంటే కౌశల్ గబగబా పక్కకొచ్చాడు.

"ఇప్పుడే అప్‌లోడ్ చేయకండి, ప్లీజ్. ఒక్కరోజు లారీ ఆపుతాను. ఇంటికెళ్ళి గిరి గారితో కూర్చుని నిదానంగా మాట్లాడుకోండి. రేపు చెప్పండి."

హేమలత మీట నొక్కింది. తెర మీద తిరుగుతున్న గుండ్రం ఆగి, పచ్చగా మారేదాకా చూసింది.

"ఇది వెళ్ళిపోయింది కౌశల్ గారూ," అంది. "ఇంట్లో కూర్చుని మాట్లాడాల్సింది వేరే ఉంది."