తొంభై ఆరో గుంట

అంట్ల మామ అంటే గిన్నెలు తోమే మనిషి అనుకునేరు. ఆయన జన్మలో ఒక్క గిన్నె తోమి ఎరగడని వాళ్ళావిడే చెబుతుంది. ఆయన కట్టేవి మొక్కల అంట్లు. ఆ పండ్ల పరిశోధన కేంద్రంలో నర్సరీ అంతా ముప్పై ఏళ్ళుగా ఆయన చేతి మీదే నడుస్తోంది. పెద్ద చదువులు చదివినవాళ్ళు కట్టిన అంట్లు సగం ఎండిపోతే, ఆయన కట్టినవి మొండికేసి మరీ బతుకుతాయి.

ఆ సంవత్సరం మొక్కలు ద్రాక్షవి. తల్లి తీగ పండు తేనే అనుకోండి, కానీ నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే ఆకుల నిండా బూడిద తెగులు. తండ్రిది అడవి తీగ. దాని కాయ నోట్లో పెడితే ముఖం అష్టవంకర్లు పోతుంది గానీ, తెగులు మాత్రం దాని జోలికి రాదు. తల్లి తీపీ తండ్రి మొండితనమూ ఒక్క బిడ్డలో కలవాలని కేంద్రం అధికారి, అందరూ పెద్ద మేడమ్ అని పిలిచే ఆవిడ, ఆరేళ్ళుగా తపస్సు చేస్తోంది. ఈసారి తొంభై ఆరు మొక్కలు మొలిచాయి. కాయ చూడాలంటే మూడేళ్ళు ఆగాలి. కానీ తెగులును ఆపే జన్యువు వచ్చిందా లేదా అన్నది చిటికెడు ఆకుతో ఇప్పుడే తేల్చొచ్చు. రాని మొక్కల్ని పక్కన పెట్టేస్తే చోటూ నీళ్ళూ మిగులుతాయి.

ఆ తేల్చే పని ల్యాబ్ అమ్మాయిది. చేరి రెండేళ్ళయింది. ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం ఇంకో నెలలో రావాలి.

ఆకు ముక్కలు వేసే ప్లాస్టిక్ పళ్ళెంలో తొంభై ఆరు చిన్న గుంటలుంటాయి. చివరిది ఖాళీగా వదలాలి. అది సాక్షి. ఫలితాల్లో ఆ గుంట ఖాళీగా కనబడకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే.

"ఇదొక్కటీ మిగిలిపోయింది కదే అమ్మాయ్," అన్నాడు మామ చివరి కుండీ పట్టుకుని. "దీన్ని మళ్ళీ వారం దాకా కూర్చోబెడతావా? ఆ గుంటకేం పని, ఊరికే నోరు తెరుచుకుని చూడ్డం తప్ప?"

"రూలు మామా."

"రూలు నిన్నేం అడిగిందే? పెట్టేయ్."

ఆమెకి నవ్వొచ్చింది. పెట్టేసింది.

ఫలితాలు వచ్చాయి. నలభై తొమ్మిది పనికొచ్చేవి, నలభై ఏడు పనికిరానివి. పనికిరాని కుండీల్ని మామ షెడ్డు వెనక్కి చేరవేశాడు. మూడు వారాలు గడిచాయి, మబ్బులు పట్టాయి. చూస్తే ఏముంది, పనికొస్తాయని దాచుకున్న వాటిలో ఇరవై మూడింటికి ఆకులన్నీ తెల్లగా పౌడరు చల్లినట్టయిపోయాయి. షెడ్డు వెనక పడేసిన వాటిలో మరో ఇరవై మూడు వానజల్లులు తాగి నిక్షేపంగా ఉన్నాయి.

పెద్ద మేడమ్ ఇద్దర్నీ తన గదికి పిలిచింది. ఫలితాల పటం బల్ల మీద పరుచుకుంది. పన్నెండు గళ్ళ వరసలు ఎనిమిది, జన్యువు ఉన్న గడిలో ఎర్ర చుక్క. అమ్మాయి చేతిలోనూ అలాంటి గళ్ళ కాగితమే ఉంది. ఆ ఉదయం మొత్తం మొక్కల్ని చూసి, ఆరోగ్యంగా ఉన్నవాటికి తనే టిక్కులు పెట్టుకొచ్చింది.

"జన్యువు అబద్ధం చెప్పదు," అంది మేడమ్ నెమ్మదిగా. ఆవిడ గొంతు పెంచదు, అదే భయం. "ఇరవై మూడు బయటికి వెళ్ళాయి, ఇరవై మూడు లోపలికొచ్చాయి. కుండీలు తారుమారయ్యాయి."

"ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ అలా..." అన్నాడు మామ.

"వయసండీ. మీ తప్పని కాదు. కుండీల చీటీల మీద అంకెలు చిన్నవి కదా."

మామ తన చేతులకేసి చూసుకున్నాడు. "అయ్యుండొచ్చు మేడమ్," అన్నాడు.

సోమవారం నుంచి ఆయన గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకోవాలి. నర్సరీ ఇంకొకరికి. ఆ బదిలీ కాగితం మీద సంతకం పెట్టడానికి ఆయన వంగాడు.

అప్పుడు చూసింది అమ్మాయి. బల్లకి ఇవతల నిలబడింది కాబట్టి పటం ఆమెకి తలకిందులుగా కనిపిస్తోంది. ఆ తలకిందుల చుక్కలూ, తన చేతిలోని టిక్కులూ ఒక్కటి పొల్లుపోకుండా సరిపోయాయి. పళ్ళేనికి ముందూ వెనకా ఒకటే వాలకం. అందుకే మొదటి గుంట పక్కన పెన్నుతో చుక్క పెడతారు. మెషిన్లో పెట్టబోతూ స్పిరిట్‌తో తుడిచినప్పుడు ఆ చుక్క చెరిగిపోయి ఉంటుంది. తను తిప్పి పెట్టేసింది. ఒకటో మొక్క జాతకం తొంభై ఆరోదానికి, తొంభై ఆరోదానిది ఒకటోదానికి. ఖాళీ గుంట ఉండుంటే, అది చివర కాక మొదట్లో కనబడి, ఆ రోజే బయటపడేది.

నోరు తెరవాలనుకుంది. నెలలో రావాల్సిన కాగితం గుర్తొచ్చి ఆగిపోయింది. మామ సంతకం పెట్టి, కలం మూత జాగ్రత్తగా బిగించి, బయటికి నడిచాడు.

ఇంటికెళ్ళి తల్లికి చెప్పింది. ఆవిడ టైలరు. నోట్లో పిన్నులు పెట్టుకుని అంతా వింది.

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"మొక్కలు దక్కాయిగా?"

"బాగున్నవన్నీ మేడమ్ లోపలికి తెప్పించింది."

"ఆయన ఉద్యోగం పోలేదుగా?"

"పోలేదు."

"మరింకేం, నోరు మూసుకో. నెల తిరగనీ, కాగితం చేతికి రానీ. తర్వాత తీరిగ్గా చెప్పుకుందువు గానీ."

తల్లి మాటలో తప్పేం కనిపించలేదు. అయినా ఆ మూడు రోజులూ నర్సరీ మీదుగా వెళ్ళాల్సిన ప్రతిసారీ చుట్టు తిరిగి వెళ్ళింది. సిగ్గుతో చచ్చిపోయింది, అంతే. అయినా చెప్పలేదు. ఇంకో నెలే కదా అని తనకి తనే నచ్చజెప్పుకుంది.

నాలుగో రోజు పొద్దున తప్పలేదు. ఆకులకోసం నర్సరీలోకి వెళ్తే, మామ కుండీల మధ్య వంగి ఉన్నాడు. ముక్కు మీద కొత్త కళ్ళజోడు.

"రోడ్డు పక్క బండి మీద కొన్నానే," అన్నాడు. "అప్పగించేలోపు చీటీలన్నీ ఒకసారి సరిచూద్దామని. పెట్టుకుంటే అక్షరాలన్నీ అలుక్కుపోతున్నాయి. అద్దాలు పెట్టుకున్నా ఇంత మసగ్గా ఉందంటే, ఈ కళ్ళు ఎప్పుడో పోయాయి. నేనే గమనించుకోలేదు."

"అది తీసేసి చదువు మామా."

ఆయన తీశాడు. బారెడు దూరంలో ఉన్న చీటీ చూసి, "ఇరవై ఏడు," అన్నాడు.

"కనిపిస్తోందిగా?"

"కనిపిస్తోందనుకునే కదే ఇన్నాళ్ళూ చేశాను," అని మళ్ళీ కళ్ళజోడు పెట్టుకోబోయాడు.

ఆమె ఇక తట్టుకోలేకపోయింది. "పెట్టుకోకు. కుండీలు నువ్వు మార్చలేదు మామా. పళ్ళెం నేను తిప్పి పెట్టాను," అంది. మొత్తం చెప్పేసింది.

మామ బోర్లించిన కుండీ మీద కూర్చుండిపోయాడు. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగున్నాయి మామా."

ఆయన నవ్వాడు. గుండెల మీంచి బండ దిగినట్టు పెద్దగా ఊపిరి వదిలాడు. చుట్టూ ఉన్న చీటీలన్నీ ఒకసారి కలయజూశాడు. తర్వాత అడిగాడు. "నీకెప్పుడు తెలిసిందే?"

ఇప్పుడే అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు కూడా.

"నువ్వు సంతకం పెడుతుంటే," అంది.

మామ కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకుని, కుండీలవైపు తిరిగాడు.

అక్కణ్ణించి ఆమె తిన్నగా మేడమ్ గదికి వెళ్ళింది. మేడమ్ అంతా విని, పటాన్ని చేత్తో తిప్పి చూసుకుని, మామ సంతకం పెట్టిన కాగితాన్ని చింపేసింది. "సాక్షి గుంట ఎందుకు నింపావు?" అని అడిగింది. నా తెలివితక్కువతనం మేడమ్ అంది అమ్మాయి, మామ ఊసెత్తకుండా. ఖాయం కాగితం ఆర్నెల్లు వెనక్కి జరిగింది. తల్లి రెండు రోజులు మాట్లాడలేదు.

సోమవారం మామ నర్సరీలోనే ఉన్నాడు. ఆమె కొత్త పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి లేచి నిలబడ్డాడు. రెండేళ్ళలో ఆమెను చూసి ఆయన ఎప్పుడూ లేచింది లేదు.

"రండి మేడమ్ గారూ," అన్నాడు. "ఇది ఒకటో నెంబరండి."

ఆమె చెయ్యి చాపి ఆకు అందుకుంది. "మామా, ఇక నన్ను అమ్మాయ్ అని పిలవవా?"

ఆయన రెండో చీటీ చూశాడు, ఆకు తుంచాడు, ఆమె చేతిలో పెట్టాడు. ఆయన ముఖంలో కోపం లేదు.

"ఎందుకు పిలవనండీ," అన్నాడు. "కొన్నాళ్ళు ఆగండి."