నలభై ఒక్క ఆపత్తులు

రాయపూర్ గుఢియారీలో మా తెలుగువాళ్ల ఇళ్ల లైనుకు హిందీ పండితుణ్ని నేనే. పండితుడినంటే మరీ ఏమీ కాదు. రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాను, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను, రాయగలను. మిగతావాళ్లంతా విజయనగరం వైపు నుంచి పట్టాల పనికి వచ్చినవాళ్లు. వాళ్లకు ఆపాటి కూడా రాదు కనుక నా దర్జాకు లోటుండేది కాదు.

యాభై మూడులో రాయపూర్ ఉన్నట్టుండి పెరగడం మొదలెట్టింది. శంకర్ నగర్ వైపు ఇళ్ల స్థలాలు, స్టేషన్ వెనక గోదాములు, వాటికి రోడ్లు. ఓ ఉదయం రోడ్ల ఆఫీసువాళ్లు వచ్చి మా లైను మధ్యగా సున్నంతో గీత గీశారు. గీత తిన్నగా బావిగట్టు మీదుగా పోయింది. మా నలభై ఒక్క ఇళ్లకూ తాగేనీళ్లు ఆ బావివే. అది పూడిస్తే పట్టాలు దాటి అవతలి కొళాయికి పోవాలి.

మా లైనులోని పైడమ్మ ఆ గీతను కాలితో చెరిపేసింది. ఆవిడ కోడలు అన్నమ్మకు ఏడో నెల. మర్నాడు వాళ్లు మళ్లీ గీశారు.

మగవాళ్లు నోరెత్తలేదు. “సర్కారు పనికి అడ్డు సెప్తే నౌకరీ ఊడిపోద్ది” అన్నాడు మేస్త్రీ వెంకటస్వామి. నేనూ తలూపాను. నాదీ నౌకరీయే మరి. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడోనాడు బావి స్తంభానికి హిందీ నోటీసు అంటించారు. అందరికీ చదివి వినిపించాను. ఇక్కడ రోడ్డు వస్తుంది, ఎవరికైనా ‘ఆపత్తి’ ఉంటే పదిహేను రోజుల్లో రాసివ్వాలి.

“ఆపత్తంటే ఆపదే కదా బాబూ?” అంది పైడమ్మ.

“అంతే. మీ కష్టాలు చెప్పుకోమంటున్నారు” అన్నాను ధీమాగా.

“అడ్డు సెప్పడం కాదు కదా?” అన్నాడు వెంకటస్వామి.

“అబ్బే, కష్టం చెప్పుకోవడమే.”

“కస్టం సెప్పుకుంతే నౌకరీ ఎవుడు తీస్తాడు? ముందు నాది రాయి బాబూ!”

అలా మొదలైంది. బంగారమ్మ మోకాళ్లు పట్టాలు దాటనివ్వవు. అప్పలనరసమ్మ, ఆవిడ తోడికోడలు బావి దగ్గర తప్ప ఇంకెక్కడా మాట్లాడుకోరు, బావి పోతే ఆ మాటలూ పోతాయి. ప్రతి కాగితం మీదా ‘ఆపత్తి’ అని పెద్దక్షరాలతో రాసి, వేలిముద్ర వేయించాను. నాదీ కలిపితే నలభై ఒకటి.

కాగితాలు పట్టుకుని రోడ్ల ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తా కళ్లు పెద్దవి చేశాడు. “ఇక్తాలీస్ ఆపత్తియా!” హిందీలో ఆపత్తి అంటే అభ్యంతరమట. ఆ సంగతి అప్పుడు తెలిసింది నాకు. అంటే లైను లైనంతా, నాతో సహా, సర్కారుకు అడ్డు చెప్పేసింది! వెనక్కి అడుగుదామంటే అప్పటికే ఠప్పుఠప్పున ముద్రలు కొట్టేశాడు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

వారం తిరక్కుండా పెద్ద ఆఫీసరే బావి దగ్గరికి వచ్చాడు. “ఏమిటి మీ ఆపత్తి?” అని హిందీలో అడిగాడు. అందరూ నావైపు చూశారు. నేను మేస్త్రీ వెనక్కి జరిగాను.

పైడమ్మే ముందుకొచ్చింది. కోడల్ని పక్కన నిలబెట్టి, చేతులతో చూపిస్తూ వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగులో చెప్పింది. “ఇది నా బహూ. సాత్ మహీనా. రోజుకి ఆరు బిందెల పానీ. పోడానికి ఆరుసార్లు, రాడానికి ఆరుసార్లు పట్టాలు దాటాల. ఇంతకంటే ఆపత్తి ఏటుంతాది బాబూ?”

అప్పుడే గూడ్సుబండి ఒకటి నేలదిరేలా పోయింది. అది పోయేదాకా ఆఫీసరు పట్టాల వైపే చూశాడు. తర్వాత తన మనుషుల్ని పిలిచి సున్నం తెప్పించాడు. కొత్త గీత బావికి ఇరవై అడుగుల దూరం నుంచి వంపు తిరిగింది.

లైనంతా ఈలలు, కేకలు! అప్పలనరసమ్మ తోడికోడల్ని కావలించుకుంది. వెంకటస్వామి నన్ను భుజాల మీదికి ఎత్తుకోబోయాడు. ఇక దాచలేక అసలు సంగతి చెప్పేశాను. మనం చెప్పింది కష్టాలు కాదు, అభ్యంతరాలు. ఆ మాట నాకు ముందే తెలిసుంటే ఎవరికీ రాసిపెట్టేవాణ్ని కాదు.

పైడమ్మ చేద బావిలోకి వదులుతూ పకపకా నవ్వింది.

“నీకు హిందీ సక్కగా వచ్చుంతే మన బాయి పోయేది బాబూ! ఇంక నేర్సుకోకు.”