నల్ల చేతుల వెర్నా

భూషణం మరో పత్రికల కట్ట విప్పి మార్కరు మూత తీశాడు. సౌదీలో, జిద్దా పాతబస్తీ బలద్‌లోని ఆ గోదాముకు కిటికీ లేదు. పైదేశాల పత్రికలు దుకాణాలకు పోయేముందు ఇక్కడ ఆగుతాయి. వాటిలో ఆడవాళ్ల భుజాలకూ మోకాళ్లకూ నలుపు పూయడం అతని పని. గోళ్ల సందుల్లోని సిరా ఎంత తోమినా పోదు. అన్నం కలుపుకునేటప్పుడు తన చెయ్యే తనకు రోత.

జగిత్యాలలో ఇదే చేత్తో సినిమా బ్యానర్లు గీసేవాడు. హీరోయిన్ బుగ్గకు అతను అద్దిన రంగును జనం ఆగి చూసేవాళ్లు. ఫ్లెక్సులొచ్చాక పిలిచే థియేటరు లేకపోయింది. పెయింటరు పనేనని ఏజెంటు చెబితే రెండువేల రెండులో జిద్దా వచ్చాడు.

పేజీ తిప్పిన చెయ్యి ఆగింది. వెర్నా హాల్‌స్టెడ్, అమెరికా నటి. ఏటా బహుమతుల సభలో గౌనుతో కనబడేది. ఏటా ఆమె భుజాలు అతనే కప్పేవాడు. ఈసారి నాలుగు పేజీల నిండా ఆమే. లెక్కలు రాసే సాయికుమార్‌ను పిలిచాడు.

"జర సదువుండ్రి సార్. ఏం రాసిన్రు?"

"పోయిందండీ పాపం."

సాయికుమార్ చదువుతుంటే భూషణం బొమ్మలు చూశాడు. పదహారేళ్లప్పుడు ఏదో చిన్న ఊళ్లో ముసలమ్మ వేషం. ముడతలు పెన్సిలుతో గీసుకుంది. తర్వాత న్యూయార్కు నాటకాలు. సినిమాల్లో నాలుగేళ్లు నాయిక, నలభై దాటగానే అందరికీ తల్లి. విసుగెత్తి మళ్లీ రంగస్థలానికే వచ్చింది. చివరి బొమ్మలో ఆసుపత్రి గౌను, ఎండుకట్టెల్లాంటి చేతులు. ఈ ముడతలు ఎవరూ గీసినవి కావు.

సూపర్‌వైజరు దిలావర్ వెనక నిలబడి, బొమ్మలోని చేతులు కప్పెయ్యమన్నాడు. "హాథ్ ఢక్ దో."

"బుడ్ఢీ హై భాయ్. మర్ గయీ." ముసలిది, చచ్చిపోయింది కూడా అన్నాడు భూషణం.

"తో?" అయితే ఏంటన్నట్టు చూశాడు దిలావర్.

భూషణం మార్కరు ఎత్తాడు. ఆ చేతులకు నలుపు పూస్తుంటే పీనుగును తడుముతున్నట్టుంది. కొన్ని ప్రతులయ్యేసరికి వ్యాను వచ్చి హారను కొట్టింది. నాలుగేసి పేజీలు పూసేదాకా అది ఆగదు.

"పన్నా హీ ఫాడ్ దో," పేజీలే చింపెయ్యమన్నాడు దిలావర్.

చింపాడు. చింపుతూనే ఉన్నాడు. చింపిన కాగితాలను ఊడ్చేవాడు సంచుల్లో కుక్కి పట్టుకుపోయాడు. భూషణం నోటినిండా చేదు. దిలావర్ మీద కన్నా తన మీదే ఎక్కువ ఏవగింపు. కాగితం చింపడానికి పెయింటరెందుకు?

సాయంత్రం సందు చివరి హోటల్లో సాయికుమార్ ఎదురుగా కూర్చున్నాడు. బల్లల మీద ఊడ్చేవాడు పట్టుకుపోయిన ఆ కాగితాలే పరిచి ఉన్నాయి. ఎవరో తిని పోయారు. వెర్నా చెంప మీద చేపముళ్లు, ఉమ్మిన నిమ్మగింజ.

"యే కాగజ్ హటావ్ భాయ్," కాగితం తియ్యమన్నాడు భూషణం.

"సాఫ్ హై," శుభ్రంగానే ఉందంటూ హోటలువాడు ముళ్లను మోచేత్తో నెట్టి, రొట్టె ఆ కాగితం మీదే పడేశాడు.

భూషణం కుర్చీ వెనక్కి జరిపాడు. మంచినీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాడు.

"రేపు వీసా ఇచ్చిన కఫీల్‌ను ఇంటికి పోనీకె ఎగ్జిట్ అడుగుత సార్."

"ఇంటికెళ్లి ఏం చేస్తారండీ?"

"ఏమో. ఇదైతే చెయ్య."

లేచి వెళ్లిపోయాడు. బల్ల మీద ముట్టని రొట్టె కింద, నూనె పీల్చిన కాగితంలో నలుపంటని ముసలి చెయ్యొకటి మెల్లగా పలచబడుతోంది.