ఊదారంగు

శేంగ్‌దా ఒక పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కప్పు పెట్టి అటు తిరిగి నిలబడింది. ఊరి ఆరోగ్య కార్యకర్తగా పసిపిల్లల బరువు తూచేదీ, నీళ్ల జాడీల్లో దోమల మందు వేసేదీ ఆమే. మత్తుమందుల తనిఖీ జరిగే రోజున ఇంటింటికీ తిరిగి మూత్రం పట్టేదీ ఆమే.

"పిల్లా, నా వయసులో ఇది నిండాలంటే భోజనాల వేళవుతుందే."

"నిండక్కర్లేదు తాతా, అడుగు తడిస్తే చాలు."

మందు చుక్క పడగానే ఊదారంగు తేలితే పిచ్చిమాత్రలనే మత్తుబిళ్లలు వాడినట్టు లెక్క. తనంతట తాను చెప్పుకున్నవాడిని చికిత్సకు పంపుతారు, దాచి దొరికినవాడిని పోలీసులు తీసుకెళ్తారు. తనిఖీలు మొదలైనప్పటి నుంచి ఊళ్లో ఆ రంగు పేరు ఎవరూ పలకరు. సంతలో ఊదా కంద కూడా నల్లకందే.

చివరికి తన ఇల్లు మిగిలింది. తమ్ముడు ఖమ్‌లూ మెట్ల మీద కూర్చుని దవడలు బిగించి పళ్లు కొరుకుతున్నాడు. పండ్ల లారీ నడిపేవాడు. నిద్ర రాకుండా మింగిన మాత్ర అతని బుగ్గలను తినేసింది. ఇలాగే దాచి దొరికిపోయి వాళ్ల అన్న పోలీసు జీపెక్కిన రోజు శేంగ్‌దా గుమ్మంలోనే నిలబడి చూసింది. అతను తిరిగి రాలేదు.

ఆమె సంచిలోంచి అప్పటికే సగం నిండిన కప్పు తీసి తమ్ముడి పక్కన పెట్టింది. ఖమ్‌లూ దాన్ని ముట్టుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"నీదేనా అక్కా?"

ఆమె కప్పును అతని వైపు జరిపింది.

"నీది పోస్తే నాకు షుగరుందని రాస్తారే." నవ్వబోయి ఆగాడు. "ఊదా. నాది ఊదా అక్కా. నేనే వెళ్లి చెబుతాను."

శేంగ్‌దా కప్పు తీసుకెళ్లి పెరట్లో పారబోసింది. అన్నం మూట కట్టింది. ప్రాణం ఒంటిని వదిలి తిరగకుండా కట్టే తెల్లనూలు పోగు తెచ్చి, ఆ ప్రాణాన్ని పేరుపెట్టి పిలుస్తూ తమ్ముడి మణికట్టుకు ముడివేసింది. "అడవిలో ఉన్నా, దారిలో ఉన్నా వచ్చెయ్యి, ఖమ్‌లూ ప్రాణమా." ముడి వదులుగా పడింది.

ఊరిపెద్ద వాకిట్లో చికిత్స శిబిరం వ్యాను హారన్ కొట్టింది.

"అక్కడ ఒంటి మీద ఏదీ ఉండనివ్వరట. కత్తిరించేస్తారు." ఖమ్‌లూ ముడి విప్పకుండా పోగును చేతి మీదుగా జార్చి తీసి ఆమెకిచ్చాడు. "నా ప్రాణం నీ దగ్గరే ఉండనీ. అన్నం పెట్టు దానికి."

అతను వెనక్కి చూడకుండా నడిచి, ఊరిపెద్దకు చెప్పి వ్యానెక్కాడు. దుమ్ము అణిగేదాకా శేంగ్‌దా మెట్లు దిగలేదు.

గుమ్మం మేకుకు తెల్లనూలు పోగు, మణికట్టంత గుండ్రంగా, ముడి ఊడకుండా వేలాడుతోంది.