నూగు పోయిన పువ్వు

బొటనవేలికి తెల్లటి నూగు తగలాలి.

మంచుకొండల మీద పూసే ఎడెల్‌వైస్ పువ్వు చలికి కప్పుకునే దుప్పటి అది.

తుమాష్ వేలికి ఈసారి ఏమీ తగల్లేదు. నున్నటి రేక... పచ్చటి రేక. కాడ మూరెడు సాగి ఒరిగిపోయింది.

నలభై రెండు వేసవులు ఆవులతో కొండెక్కిన మనిషి. నిరుడు మంచు మొదలయ్యే రోజుల్లో రాళ్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఈ వేసవి మంద అతను లేకుండానే వెళ్లింది. మెడగంటల చప్పుడు మలుపు తిరిగేదాకా విని, కిటికీ మూసేశాడు.

ఆ మర్నాడే భార్య ఉర్సీనా సంతలో ఈ మొక్క కొంది.

"కొండే నీ దగ్గరికి వచ్చిందిలే. ఇక నువ్వు వెళ్లక్కర్లేదు."

ఆవులు కాసేవాడికి తెలిసిన మందు ఒక్కటే — పేడ.

మాగిన పేడ, నల్లమట్టి, రెండు పూటలా నీళ్లు, పొయ్యి పక్కన వెచ్చటి చోటు. మొక్క బలిసింది. తెలుపు పోయింది.

"బాగా తింటోంది, నీలాగే," అంది ఉర్సీనా, బార్లీ సూపు గిన్నె అతని ముందు పెడుతూ.

"పైన దీనికి ఇంత తిండి ఎవరు పెట్టారే? గులకరాళ్లు, గాలి, ఎండ... అంతే."

ఆమె వెళ్లి వాగులోంచి గులక తెచ్చింది. అతను వేళ్లకంటిన నల్లమట్టి దులిపి, గులకలో గుప్పెడు మన్ను కలిపి మళ్లీ నాటాడు. కుండీని బయట రాతిగోడ మీద పెట్టాడు. నీళ్లు ఇక మన్ను ఎండితేనే.

"చస్తుందేమో."

"చావొచ్చు."

మొక్క గురించే అన్నాడని అనుకుందామనుకుంది. అనుకోలేకపోయింది.

ఉర్సీనాకు భయం. తుంటి అతికింది గానీ కొండ మారలేదు. అందుకే అతను కొండెక్కే మేకుల బూట్లు పిండిపెట్టె వెనక దాచింది. అతను వెతికాడు... అడగలేదు. అడగకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

మూడు వారాలు.

పాత ఆకులు ఎండిపోయాయి. నడిమధ్య గోరంత చిగురు.

ఓ పొద్దున గోడ మీద, కుండీ పక్కన, బూట్లు. కొత్తగా కొవ్వు రాసి ఉన్నాయి.

"కొండదారిలో మొదటి గేటు దాకానే," అంది ఉర్సీనా, గుమ్మంలో అటు తిరిగి నిలబడి. "రొట్టే చీజూ మూట కట్టాను. చీకటి పడకముందే రావాలి, ముసలోడా."

తుమాష్ బూట్లు అందుకోలేదు. ముందు వంగి, చిగురును బొటనవేలితో తాకాడు.

నూగు తగిలిందో... పాలు పితికి పితికి మొద్దుబారిన వేలు పొరబడిందో...

"తెల్లబడిందా?" ఇటు తిరక్కుండానే అడిగింది.

అతను ఇంకోసారి తాకి చూశాడు.